పన్నెండు అడుగులు

పదకొండు నెలల జీతానికి బదులు
బాపుకి ఒక కారు ఇచ్చారు.
ఇంజను ఉంది, తిరగదు.
చక్రాలున్నాయి, గాలి లేదు.
డెబ్బై రెండు నాటి డాట్సన్. రెండే తలుపులు, పొడుగు ముక్కు.
షార్జాలో గ్యారేజీకి తాళం పడ్డ రోజు
రికవరీ బండి మీద ఊరేగుతూ వచ్చి
అజ్మాన్‌లో మా వాకిట్లో దిగింది.

అమ్మ గడపలోంచే చూసింది.
"కుక్కర్ల పట్టదు గద, ఎట్ల ఉడకబెట్టాలె దీన్ని?"

బాపు మాట్లాడలేదు.
వేలి కణుపుతో బానెట్ మీద కొట్టుకుంటూ పోయాడు,
కుండలు బేరం చేసేవాడిలా.
టంగుమన్న చోట ఇనుము,
దబ్బుమన్న చోట పుట్టీ.
"మాన్పలేదు బిడ్డా, ఎవడో కప్పిండు."

ప్రతి శుక్రవారం విప్పాం.
పదమూడేళ్ల నా చెయ్యి సన్నది కాబట్టి
బాపు వేళ్లు దూరని చోట్లన్నీ నావి.
తలుపుల అడుగునించి ఇసుక తీశాను,
ఏ ఏటి షమాల్‌లో చేరిందో,
మూడు నీడో డబ్బాలు నిండింది.
సీటు కింద ఒక ఖర్జూరపు గింజ,
యాభై ఫిల్స్ బిళ్ల,
ఒక జడపిన్ను.
గింజని విసిరేశాను. పిన్నుని విసరలేకపోయాను.

బాపు సొట్టలు తీసే మనిషి,
ఇంజను ఆయన భాష కాదు.
షేర్ జమాన్ చాచా జుమ్మా నమాజు చేసి వచ్చేవాడు,
చెవిలో రబ్బరు పైపు పెట్టుకుని
రెండు కార్బురేటర్లనూ డాక్టరులా వినేవాడు.
"దోనో ఏక్ సాథ్ సాఁస్ లేనా" అని వాటికే చెప్పేవాడు.
అవి వినేవి కావు.

సీట్లకు రెగ్జిన్ కుట్టింది అమ్మ,
అబాయాలు కుట్టే మిషన్ మీదే.
నాలుగు సూదులు విరిగాయి.
తిట్లు మాత్రం అన్నీ బాపుకే.

రంగుకి ఆగస్టు పనికిరాదన్నారు అందరూ.
పగలు గాలిలోనే ఎండిపోతుంది, రాత్రి తేమకి తెల్లబోతుంది.
రెండింటి మధ్యా కాస్త సందు ఎక్కడుందో
బాపు వారం రోజులు నిద్ర మానుకుని వెతికాడు.
చివరికి నవంబరు దాకా ఆగాడు.
ఆర్మూరు పసుపుకొమ్ము పుటుక్కున విరిస్తే
లోపల కనబడుతుందే, ఆ రంగు.

స్టార్టయిన రోజు తాళంచెవి పట్టుకుని
"కార్నిష్‌కి పోదాం బాపూ" అన్నాను.
ఆయన చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు,
తుడిచిన చేతులనే, చాలాసేపు.

అప్పుడు తెలిసింది.
ఇరవై రెండేళ్లు షేకుల బండ్లు నున్నగా చేసిన మా బాపుకి
లైసెన్సు లేదు.
ఆరుసార్లు టెస్టు పోయింది. ఏడోసారికి ఫీజు
నా స్కూలు ఫీజయింది.
కారుకి ముల్కియా కూడా లేదనుకోండి.

గేటు మూసే ఉంది.
గోడ నుంచి నీళ్ల ట్యాంకు దాకా పన్నెండు అడుగుల ఖాళీ,
కారు పొడవంత కూడా లేదు.
బాపు కూర్చున్నాడు. గేరు వేశాడు.
పన్నెండు అడుగులు ముందుకి. బ్రేకు.
పన్నెండు అడుగులు వెనక్కి.
అమ్మ పిండిచేతులతో వచ్చి పక్కసీట్లో ఎక్కింది,
కొంగు తలుపులో పడకుండా సర్దుకుంది.
ట్యాంకు దగ్గరికి రాగానే
"గీడ ఆపుండ్రి, చాయ్ తాగి పోదాం" అంది.
నిజంగానే దిగి, చాయ్ పెట్టి తెచ్చింది.

మార్చిలో అమ్మేశాం.
కొన్నాయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టించాడు,
తొమ్మిది నెలల జీతమంత.
"ఇంకా రెండు నెలలు బాకీనే" అన్నాను.
"అవి నేను నడిపిన" అన్నాడు బాపు.

పసుపురంగు సందు చివర
కోయ గ్రోసరీ దగ్గర మలుపు తిరిగింది.
మేం లోపలికి వచ్చేశాం.
బాపు గేటు పట్టుకుని అక్కడే, తల కొంచెం వంచి,
కనబడనిదాన్ని ఇంకా వింటున్నాడు.
"రెండోది ఎనకవడ్తుంది" అన్నాడు,
చాచాకి ఫోన్ కలుపుతూ.